మాస్క్ ఉంది సరే, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు?

సంపాదకుడు గారికి,

ఏటా ఏప్రిల్ 14 రాగానే అగ్నిమాపక వారోత్సవాలు మొదలవుతాయి. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఓడ పేలి, మంటలార్పడానికి వెళ్లిన సిబ్బంది చనిపోయారు. వాళ్లను తలుచుకోవడానికే ఈ వారం. మా వైపు కూడా బస్టాండ్లలో, స్కూళ్లలో గ్యాస్ సిలిండర్ మంట ఎట్లా ఆర్పాలో చూపిస్తారు, కరపత్రాలు పంచుతారు, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది. బాగానే ఉంది. కానీ ఆ ఫొటోలో ఉన్న ఫైర్‌మన్‌కి పొగలోకి పోవడానికి బీఏ సెట్ (బ్రీతింగ్ అపరేటస్, ఊపిరి పీల్చుకోవడానికి వాడే పరికరం) ఉందా, ఉంటే అది చివరిసారి ఎప్పుడు పరీక్షకి పోయింది అని అడిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. ఈ ఉత్తరం దాని గురించే, కొంచెం పొడుగైనా వేయగలరు.

కరోనా తర్వాత మాస్క్ అంటే అందరికీ ఎన్95 గుర్తొస్తుంది. అది సన్నటి కణాల్లో కనీసం 95 శాతం ఆపుతుంది, అంతవరకే దాని పని. కార్బన్ మోనాక్సైడ్ దానిలోంచి నేరుగా లోపలికి పోతుంది, పైగా ఆ గ్యాస్‌కి రంగూ వాసనా ఉండవు. ఇక ఆక్సిజనే తగ్గిపోయిన చోట ఏ వడపోత మాస్కూ దాన్ని పుట్టించి ఇవ్వలేదు. మామూలు గాలిలో అది దాదాపు 21 శాతం ఉంటుంది, 19.5 కంటే దిగితే వడపోత మాస్క్‌తో అడుగు పెట్టకూడదన్నది ఈ రంగంలో నియమం. మన పల్లెల్లో పాత బావుల దగ్గర జరిగేది ఇదే కదా: పూడిక తీయడానికి దిగినవాడు కళ్లు తిరిగి పడిపోతాడు, వాణ్ని తీయడానికి తమ్ముడు దిగుతాడు, తమ్ముడి కోసం పక్క చేను ఆయన దిగుతాడు. ముక్కుకి తువ్వాల కట్టుకుంటే ఏమీ కాదన్న ధైర్యంతోనే దిగుతారు. అందుకే ఇలాంటి చోటికి పోయేవాడు గాలిని తన వీపు మీదే మోసుకుపోవాలి, బీఏ సెట్ అంటే అదే. సిలిండర్, రెగ్యులేటర్, ముఖమంతా కప్పే మాస్క్.

దక్షిణ తెలంగాణకి ఇది కొత్త సంగతేమీ కాదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో మంటలు లేచాయి. కొండ లోపల కట్టిన కేంద్రం, పొగ తొందరగా బయటికి పోయే వీలు లేదు. తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లలో జెన్‌కో ఇంజనీర్లు, సిబ్బందితో పాటు బ్యాటరీల పనికి వచ్చిన ఇద్దరు కూడా ఉన్నారు. కాపాడటానికి వెళ్లినవాళ్లు పొగకి తట్టుకోలేక మధ్యలోంచి వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ తర్వాత 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు, ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల. మా నల్గొండకి కృష్ణా నీళ్లు తెస్తారన్న సొరంగం అది. ఎన్డీఆర్‌ఎఫ్ వచ్చింది, ఆర్మీ వచ్చింది, సింగరేణి రెస్క్యూ వాళ్లు వచ్చారు. అందరికీ దండం పెట్టాలి. అయితే వాళ్లంతా చేరేలోపు ముందుగా వెళ్లేది దగ్గర్లోని ఫైర్ స్టేషన్ వాళ్లు, 108 సిబ్బంది, ఆ మండలం కానిస్టేబుల్, ఇంకా ఆ సైటులో డ్యూటీలో ఉన్న కార్మికులే.

ఆ 14 కిలోమీటర్ల లెక్క ఒకసారి చూడండి. మామూలు బీఏ సెట్ సిలిండర్ 6.8 లీటర్లది, 300 బార్ (గాలి ఒత్తిడికి కొలత) దాకా నింపితే దాదాపు 2000 లీటర్ల గాలి. కుదురుగా పనిచేసేవాడు నిమిషానికి 40 లీటర్లు పీల్చినా యాభై నిమిషాలు వస్తుంది. బరువెత్తుతూ, టెన్షన్‌లో మెట్లెక్కుతూ ఉంటే అందులో సగం కూడా రాదు. గాలి యాభై బార్ల దగ్గరికి పడిపోగానే విజిల్ మోగుతుంది, ఇక ఏ పని మధ్యలో ఉన్నా వదిలేసి బయటికి రావాల్సిందే. ఆ సెట్‌తో సొరంగంలో అంత లోపలికి పోయి రావడం కుదిరే పనేనా? గని రెస్క్యూ వాళ్లు వాడే సెట్ వేరు. అది వదిలిన ఊపిరిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని రసాయనంతో తీసేసి, ఆక్సిజన్ కొద్దికొద్దిగా కలిపి అదే గాలిని మళ్లీ ఇస్తుంది, నాలుగు గంటల దాకా నడుస్తుంది. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10245లో ఈ రెండింటికీ వేరువేరు భాగాలున్నాయి, మొదటి భాగం ఆక్సిజన్ తిప్పి వాడే సెట్‌కి, రెండోది గాలి సిలిండర్ సెట్‌కి. అంటే ప్రమాణం లేదనడానికి లేదు. ఏ చోట ఏ ప్రమాదం రావచ్చో చూసి అక్కడికి తగిన సెట్ పెట్టడం దగ్గరే మనం తప్పుతున్నామని నా అభిప్రాయం. సొరంగాలూ భూగర్భ పవర్‌హౌసూ ఉన్న నల్లమల అంచుకీ, జాతీయ రహదారి పక్కన కెమికల్ ఫ్యాక్టరీలున్న చౌటుప్పల్‌కీ, జడ్చర్ల పోలేపల్లి ఫార్మా సెజ్‌కీ ఒకటే లిస్టు సరిపోదు.

సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పాలి. నేను చౌటుప్పల్ వైపు ఒక కెమికల్ ఫ్యాక్టరీలో సేఫ్టీ విభాగంలో పనిచేశాను, పేరెందుకు. అక్కడ బీఏ సెట్లు గాజు బీరువాలో తళతళలాడుతూ ఉండేవి. తాళంచెవి మాత్రం మేనేజర్ గారి టేబుల్ సొరుగులో. రాత్రి షిఫ్టుకి మేనేజర్ గారు ఉండరు, ఆయన గదికి ఇంకో తాళం. ఆడిట్ ఉందంటే సెట్లు బయటికి తీసి తుడిచేవాళ్లం. ఒకసారి అట్లాగే మాస్క్ తలకి తొడిగి బిగించబోతే రబ్బరు పట్టీ నా చేతిలోనే తెగిపోయింది. ఏళ్ల తరబడి మడత పెట్టిన చోటే ఎండిపోయి బీటలు వారింది. ఆడిటర్ ఫైల్ అడిగాడు, లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ చూపించారు, సంతకం అయిపోయింది. ఆ సర్టిఫికెట్ నకిలీదేం కాదు, నిజమైనదే. కాకపోతే అది కంపెనీ తయారు చేసిన మోడల్‌కి ల్యాబ్‌లో ఇచ్చింది, మా బీరువాలో ఎండిన పట్టీ గురించి దానికేం తెలుస్తుంది?

మాస్క్ ముఖానికి అతుక్కుందో లేదో చూడటం పెద్ద విద్య కాదు. గాలి వచ్చే చోట అరచేయి అడ్డం పెట్టి ఊపిరి లోపలికి లాగాలి, మాస్క్ ముఖానికి అతుక్కుని అట్లాగే నిలబడాలి. ఎక్కడో సన్నగా చల్లగాలి తగిలిందంటే అక్కడ సందు ఉన్నట్టే. గడ్డం పెరిగి ఉంటే ఆ సందు తప్పదు, అయ్యప్ప మాల వేసుకున్న రోజుల్లో ఈ డ్యూటీ ఎవరికి వేస్తున్నారో ఆఫీసర్లు ఆలోచించాలి, ఇందులో ఎవరి భక్తినీ తప్పుపట్టడం లేదు. సైజు సంగతి ఇంకోటి. అమెరికాలో చాలాకాలం మాస్కుల కొలతలకి 1960ల్లో వాళ్ల ఎయిర్‌ఫోర్స్ వాళ్ల ముఖాలు కొలిచిన లెక్కలే ఆధారం. అవి ఇప్పటి కార్మికులకి సరిపోవడం లేదని నియోష్ అనే వాళ్ల ప్రభుత్వ సంస్థ 2003లో దాదాపు నాలుగు వేల మందిని, ఆడవాళ్లను కూడా కలిపి, మళ్లీ కొలిచింది. వాళ్ల ముఖాలకే వాళ్లు రెండోసారి కొలత తీసుకుంటే, ఆ కొలతలతో వచ్చిన మాస్క్ మన నాగర్‌కర్నూల్ కుర్రాడికి సరిపోతుందని టెండర్ ఫైల్ చూసి ఎట్లా నమ్ముతాం? మనిషి మనిషికీ ఫిట్ టెస్ట్ చేయాలి, అదీ ఏడాదికోసారి.

అక్కడి నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. ఆ దుమ్ము పీల్చి తర్వాత ఏళ్లలో రోగాలతో పోయినవాళ్ల సంఖ్య కూడా 2023 నాటికి అదే 343కి చేరింది. ఆ దాడి తర్వాత నియోష్ ఊరికే కూర్చోలేదు. రసాయన, జీవ, అణుధార్మిక ప్రమాదాల్లోకి పోయే సెట్లకి ప్రత్యేక ప్రమాణం మొదలుపెట్టింది, సెట్లను నిజమైన సారిన్, మస్టర్డ్ అనే యుద్ధ విషవాయువులతోనే పరీక్షించింది, ముసాయిదాలు బయటపెట్టి ఫైర్ వాళ్లనూ తయారీదారులనూ కూర్చోబెట్టి మాట్లాడింది. సారిన్ మన దగ్గరికి ఎందుకొస్తుంది అంటారేమో. విజయవాడ హైవే మీద రోజూ పోయే ట్యాంకర్లను ఒక గంట నిలబడి చూడండి. నారింజ రంగు పలక మీద 1005 అని కనబడితే లోపల అమ్మోనియా. ఆ నంబర్ చదివి గాలి వచ్చే వైపున నిలబడాలన్న సంగతి మొదట చేరుకునే కానిస్టేబుల్‌కి ఎవరైనా చెప్పారా?

కంప్రెసర్ గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి అది కూడా రాస్తున్నాను. సిలిండర్ నింపే మెషీన్ డీజిల్ జనరేటర్ పక్కన పెడితే దాని పొగే సిలిండర్లోకి పోతుంది, మనిషి బయటి విషానికి భయపడి మాస్క్ పెట్టుకుని లోపలి విషం పీలుస్తాడు. యూరప్ ప్రమాణం ప్రకారం పీల్చే గాలిలో కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల్లో ఐదు భాగాలు దాటకూడదు. ఇక్కడ ఆ గాలిని పరీక్షించే బాధ్యత ఏ ఆఫీసర్‌ది? ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2022లో అగ్నిమాపక ఉద్యోగాన్నే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది కాబట్టి మంట ఆరాక పొగచూరిన శిథిలాలు కదిపేటప్పుడు కూడా మాస్క్ తీయకూడదు, మనవాళ్లేమో మంట ఆరగానే తీసేసి టీ తాగుతారు.

డబ్బుల్లేవనే మాట ఈసారి చెల్లదు. అగ్నిమాపక శాఖల విస్తరణకి, ఆధునికీకరణకి కేంద్రం 2023లో 5,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. రాష్ట్ర అధికారులు ఆ డబ్బుతో కొత్త బండ్లు కొంటే కొనండి, దాంతోపాటు ప్రతి స్టేషన్ గోడ మీద ఒక బోర్డు పెట్టించండి: ఎన్ని బీఏ సెట్లున్నాయి, అవి ఏ ప్రమాణం కింద కొన్నవి, సిలిండర్లకి ప్రెషర్ పరీక్ష గడువు ఎప్పటిదాకా ఉంది, సిబ్బందిలో ఎంతమందికి ఫిట్ టెస్ట్ అయింది. టెండర్లో సెట్ ధరతో పాటు ఐదేళ్ల మెయింటెనెన్స్, స్పేర్ పార్టులు కూడా రాయించండి. ప్రమాణాలు రాసే బీఐఎస్ తన ముసాయిదాలను ప్రజల అభిప్రాయానికి పెడుతుంది కదా, పొగలోకి పోయే ఫైర్‌మన్ చేత, గని రెస్క్యూ మనిషి చేత కూడా ఆ అభిప్రాయం రాయించండి, కంపెనీ వాళ్లు ఎట్లాగూ రాస్తారు.

మా దగ్గరి ఫైర్ స్టేషన్ గురించి ఈ నాలుగు ప్రశ్నలతోనే సమాచార హక్కు దరఖాస్తు పెడుతున్నాను, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. మీ విలేకరులు నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల్లో ఇవే అడిగి, వచ్చిన జవాబులు స్టేషన్ల వారీగా జిల్లా పేజీల్లో వేయాలని కోరుతున్నాను. జవాబివ్వని స్టేషన్ పేరు కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
చౌటుప్పల్