లోపల ఏముందో రాయని బొగ్గు ప్యాకెట్లు

ఎడిటర్ గారికి నమస్కారం. మొన్న ఆదివారం హార్బర్ నుంచి వంజరం తెచ్చి మేడ మీద గ్రిల్ పెట్టాం, షాపులో కొన్న బ్రికెట్లు, అంటే బొగ్గు పొడిని అచ్చు పోసిన ముద్దలు, కిలో 120 రూపాయలు, పూర్ణా మార్కెట్లో గోనెసంచిలోంచి తూచి ఇచ్చిన కట్టె బొగ్గు 60, రెండూ చెరో పక్క వేసి చూశా. బ్రికెట్లు సమంగా, ఎక్కువసేపు కాలాయి నిజమే, కానీ మొదట్లో ఒకటే రాక్షసి బొగ్గు వాసన, చివర్లో దోసెడు బూడిద. బొగ్గు పొడిని గంజిపిండితో అచ్చు పోస్తే గొడవ లేదు, కొన్నిట్లో రాక్షసి బొగ్గు, సున్నపురాయి కూడా కలుపుతారు, బూడిద తెల్లగా కనబడాలనట! ప్యాకెట్ తిప్పి తిప్పి చూశా, బరువు, రేటు తప్ప ఒక్క ముక్క లేదు. బిస్కెట్ ప్యాకెట్ మీద రాస్తారు కదా, చేప కాల్చుకునేదాని మీద ఎందుకు రాయరండీ? నేనైతే కొబ్బరి చిప్పల బొగ్గుకి మారిపోయా, పొగ తక్కువ.

— ఓ పాఠకుడు, విశాఖపట్నం