మూడు తరాలకు చోటున్న ఇల్లు కావాలి: గృహనిర్మాణ శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ గృహనిర్మాణ శాఖ కార్యదర్శి గారికి నమస్కారములు.

2015లో మొదలైన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు 560 చదరపు అడుగుల నమూనా పెట్టారు. ఇప్పటి ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తూ కనీసం 400 చదరపు అడుగులు ఉండాలంటున్నారు. ఈ కొలతల్లో దంపతులు, ఇద్దరు పిల్లలు సర్దుకోగలరు గాని, తాతకో నానమ్మకో మంచం వేయాలంటే ముందుగది తలుపు పక్కన తప్ప చోటు మిగలదు.

మా ఇంట్లో మూడు తరాలం కలిసి ఉంటున్నాం. నేనూ నా భార్యా పనికి వెళ్లాక, అంగన్‌వాడీ నుంచి వచ్చిన పాపకు అన్నం కలిపి పెట్టేది మా అమ్మ. రాత్రి ఆమె షుగర్ మాత్రల డబ్బా తెచ్చి, "నానమ్మా, తెల్లది తిన్నాక" అని గుర్తుచేసేది ఆ పాప. వేరు కాపురమైతే ఇంకో అద్దె, ఇంకో గ్యాస్ బండ, పైగా పాపను చూసుకునే మనిషికి జీతం. అత్తాకోడళ్ల మాటపట్టింపులు మాకూ ఉన్నాయి, దాచను. వాటిలో సగం ఇరుకు తెచ్చిపెట్టినవే.

తల్లిదండ్రుల పోషణ పిల్లల బాధ్యతేనని 2007లో కేంద్రం చట్టం చేసింది. ఆ బాధ్యతకు మన ఇంటి ప్లానులో గది లేదు. సింగపూర్ ప్రభుత్వం 2013లోనే మూడు తరాల కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఫ్లాట్లు ప్రవేశపెట్టింది.

కాబట్టి పెద్దలతో కలిసి ఉండే లబ్ధిదారులకు ఒక గది అదనంగా కట్టుకునే నమూనాను, అందుకు తగిన సాయాన్ని మంజూరు చేయాలని, స్నానాలగదిలో పట్టుకునే కడ్డీని తప్పనిసరి చేయాలని, అపార్ట్‌మెంట్లలో అటువంటి కుటుంబాలకు కింది అంతస్తు కేటాయించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఖమ్మం జిల్లా వాసి