తెలుగు పరిశోధనకు సొంత పత్రిక

సంపాదకులకు,

తెలుగు పరిశోధకులు సొంత పత్రిక పెట్టుకోవాలా అని మా రిటైర్డ్ అధ్యాపకుల మధ్య మళ్ళీ వాదన మొదలైంది. పెట్టాలనే అంటాను. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ప్రారంభించిన ‘భారతి’ సాహిత్య మాసపత్రిక 1991లో ఆగిపోయాక శాసనాల మీద, ఛందస్సు మీద తీరిగ్గా వాదించుకునే చోటు తగ్గిపోయింది. 2001లో ‘మెషీన్ లెర్నింగ్’ అనే కంప్యూటర్ పరిశోధన పత్రిక సంపాదకవర్గంలో 40 మంది రాజీనామా చేసి, ఎవరైనా ఉచితంగా చదువుకోగల కొత్త పత్రిక పక్షాన నిలిచారు. మనకేం తక్కువ? పత్రిక నడిపే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, పత్రికలకిచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్ఎస్ఎన్‌కూ రుసుము లేదు. చిక్కంతా వ్యాసాలను ప్రచురణకు ముందు పరిశీలించే సమీక్షకులతోనే. నా శిష్యుల వ్యాసాలను కూడా మొహమాటపడకుండా తిప్పి పంపేవాళ్ళు కావాలి. శాలువాలు కప్పేవాళ్ళు ఎలాగూ ఉన్నారు. ఏడాదికి రెండు సంచికలు చాలు. రెండో సంచిక వ్యాసాలు చేతికొచ్చాకే మొదటిది విడుదల చేయాలి.

— విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, తెనాలి