కాలువలో తీసిన ఫ్యాక్షన్ సినిమా

ఒరేయ్ బావా,

వాట్సాప్‌లో ఓ వాయిస్ మెసేజ్ పడేస్తే పోయేదానికి ఉత్తరం ఎందుకురా అంటావు. వాయిస్ పెడితే సగం విని "సరే సరే" అంటావుగా, అందుకే.

మా అక్క కొడుకు సెలవుల్లో ఫ్రెండ్స్‌తో షార్ట్ ఫిల్మ్ తీస్తాడట. "మామయ్యా, మీరు కథ ముందే రాసుకునేవాళ్ళా?" అని అడిగాడు. నువ్వైతే రాసుకున్నామనే చెబుతావు, మొన్న పెళ్ళిలోనూ అందరి ముందూ అవే కోతలు. ఎక్కడ రాశాంరా? 2008లో మన టెన్త్ పరీక్షలయ్యేసరికి తెనాలిలో కాలువకి నీళ్ళు ఆపేశారు కాబట్టి మనది ఫ్యాక్షన్ సినిమా అయింది. నీళ్ళు పోయి, ఒండ్రు ఎండి నెర్రెలిచ్చిన ఆ కాలువ అడుగు ఫోన్లో అచ్చం సీమలా ఉందన్నాడు పొట్టిగాడు. వాడు సీమ చూసింది సినిమాల్లోనే అనుకో. ఆ ఒక్క ముక్కతో మనం అనుకున్న దెయ్యం కథ అటకెక్కింది.

మీ బాబాయ్ నోకియా ఎన్73 గుర్తుందా? వెనక మూత జరిపితే కెమెరా ఆన్ అయ్యేది. సెకనుకి 15 ఫ్రేములే కదా, పరిగెత్తితే మనుషులు అలుక్కుపోయేవాళ్ళు. కంప్యూటర్లో ఎడిటింగ్ చేసే మూవీ మేకర్‌లో స్లో చేస్తే బొమ్మ ఇంకా గెంతేది. అందుకని మనమే మెల్లగా కొట్టుకున్నాం, మెల్లగా పడ్డాం.

సుమో పేల్చిన సీను మాత్రం నీదే, ఒప్పుకుంటా. బొమ్మ సుమో, దీపావళికి మిగిలిన లక్ష్మీ బాంబు. నువ్వు బోర్లా పడుకుని ఫోన్‌ని మట్టికి ఆనించి పెట్టావు. అంత కింద నుంచి తీసేసరికి ఆ జానెడు బండి నిజం సుమోలా కనబడింది. చెమ్మ పట్టిన బాంబు తుస్సుమంది. రెండోది పేలింది, ఊడిన చక్రం దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా కెమెరా ముందు పడింది. దుమ్ములో ఆ చక్రం ఒక్కటే ఫ్రేమంతా! అలాంటి షాట్ రమ్మంటే వస్తుందా?

నెత్తురుకి పసుపూ సున్నం కలిపాం. ఇంటికెళ్ళాక మా అమ్మ నా తెల్ల చొక్కా సబ్బు పెట్టి ఉతికేకొద్దీ పసుపు మరకలు కూడా ఎర్రబడ్డాయి. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందని టెన్త్‌లో బట్టీ పట్టిన పాఠం ఆ రోజు బకెట్లో ప్రాక్టికల్‌గా చూశా. వీపు మీద ఇంకో ప్రాక్టికల్ కూడా అయిందిలే.

ఇంతలో మన విలన్‌ని బ్రిడ్జి కోర్సని మే నెలలోనే కాలేజీ హాస్టల్లో పడేశారు. చావు సీను ఇంకా తియ్యలేదాయె! వెళ్ళేముందు రోజు సాయంత్రం ఫోన్‌ని ఇటుకల మీద కదలకుండా పెట్టి, వాణ్ణి నిలబెట్టి, రికార్డింగ్ ఆపి, పక్కకి తప్పించి మళ్ళీ నొక్కాం. విఠలాచార్య టెక్నిక్. ఫ్యాక్షన్ సినిమాలో విలన్ మాయమవ్వడమేంటని ఎవరడిగినా "శాపం" అనేవాడివి. హీరోయిన్‌గా ఎవరూ రాకపోతే ఆ అమ్మాయి అమెరికాలో ఉందన్నాం, సినిమా మొత్తం ఫోన్లోనే మాట్లాడించాం. గొంతిచ్చినందుకు పొట్టిగాడి చెల్లి కోన్ ఐస్‌క్రీమ్ వసూలు చేసింది. ఇప్పుడు చెప్పు, కథ ఎవరు రాశారు?

అసలు సంగతికొస్తా. అప్పట్లో యూట్యూబ్‌లో 10 నిమిషాలు దాటితే పెట్టనిచ్చేవాళ్ళు కాదు కదా, సినిమాని రెండు ముక్కలు చేశాం. మొదటి ముక్క నా దగ్గర సీడీలో ఉంది, ఇంకా ఆడుతోంది. రెండోది మీ అటక మీదున్న పాత సీపీయూలోనే ఉండాలి. ఊరెళ్ళినప్పుడు హార్డ్ డిస్క్ ఊడదీసి పట్రా. ఆంటీ దాన్ని పాత సామాన్ల వాడికి వేసెయ్యకుండా ఇవాళే ఫోన్ చేసి చెప్పు. మూవీ మేకర్ ప్రాజెక్ట్ ఫైల్ ఒక్కటే కాపీ చేసుకొచ్చి చేతులు దులుపుకోకు, అందులో వీడియో ఉండదు, తెరిస్తే ఎర్ర ఇంటూ గుర్తులే వస్తాయి. క్లిప్పులున్న ఫోల్డర్ మొత్తం కావాలి.

ఉంటా మరి. పొట్టిగాడికి కూడా ఓ మాట చెప్పు.