మంచు పేలాలు వేగినట్టు

నాయనా,

ఫోన్‌లో చెప్తే సగం నీకు వినపడదు, మిగతా సగం నేను తొందరలో మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. తమ్ముడిని గట్టిగా చదవమను, అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకో. ఇప్పుడు నేను లాంగ్‌యర్‌బ్యెన్ అనే ఊళ్లో ఉన్నాను, ఓస్లో నుంచి ఉత్తరానికి విమానంలో మూడు గంటలు. రాత్రి పదకొండయింది, కిటికీలోంచి ఎండ వచ్చి కాగితం మీద పడుతోంది. ఇక్కడ ఏప్రిల్ 20 ప్రాంతంలో సూర్యుడు అస్తమించడం మానేస్తే మళ్ళీ ఆగస్టు మూడో వారం దాటాకే పొద్దుగూకేది. ఎనిమిది రోజులు చీకటి చూడలేదు. నిద్ర పట్టక కాదు, పడుకుంటే ఏదైనా పోగొట్టుకుంటానేమో అనిపించి మేలుకున్నాను.

రెండేళ్లు డబ్బు కూడబెట్టుకుని వెళ్తానని చెప్పాను కదా, ఆ ఓడ ప్రయాణం అయిపోయింది. స్వాల్‌బార్డ్ దీవుల చుట్టూ తిరిగాం. నార్వేకీ ఉత్తర ధ్రువానికీ దాదాపు మధ్యలో ఉంటాయి ఈ దీవులు, 74 నుంచి 81 డిగ్రీల అక్షాంశం వరకు. మన హైదరాబాద్ 17 డిగ్రీల మీద ఉందనుకుంటే ఎంత పైకి వచ్చానో తమ్ముడు గ్లోబు మీద చూపిస్తాడు. భూమిలో సగానికి పైగా హిమానీనదాలే. ఫియోర్డులంటే ఏమిటని అడిగావు పోయినసారి. కొండల మధ్య లోయను మంచు వేల ఏళ్లు తొలిచి తొలిచి లోతు చేసి వెనక్కి పోతే, ఆ లోయలోకి సముద్రం వచ్చి నిలబడుతుంది, అదే. మా ఓడ చిన్నది, వంద మందిమి ఉన్నాం. రేపు ఎక్కడికి అనేది ముందే రాసిపెట్టి ఉండదు. గాలి, మంచు, పొగమంచు చూసి కెప్టెన్ నిర్ణయిస్తాడు, సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి మ్యాప్ మీద చూపిస్తారు. నేనైతే ఆ మ్యాప్ ముందు మొదటి వరుసలో కూర్చునేదాన్ని.

మొదటిరోజే ఒకటి జరిగింది, నీకు తప్పకుండా చెప్పాలి. ఒడ్డు మీద కాలు పెట్టకముందే అందరి బూట్లు, ప్యాంట్లు, సంచులు తనిఖీ చేస్తారు. జేబులు తిరగేసి, కుట్లలోకి, జిప్పుల్లోకి వాక్యూమ్ గొట్టం పెట్టి దుమ్మంతా లాగేస్తారు. ఎందుకంటే వేరే దేశపు గడ్డి విత్తనం ఒక్కటి పడినా ఈ నేలకు ప్రమాదం, ఇప్పుడు వేడి పెరుగుతోంది కాబట్టి ఒకప్పుడు మొలవనివి కూడా మొలవొచ్చు. నా సంచి అడుగు కుట్టులో మూడు జొన్న గింజలు దొరికాయి. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మ జొన్నలు కట్టిచ్చింది చూడు, అదే సంచి. గైడు వాటిని అరచేతిలో వేసుకుని ఇవేంటి అని అడిగింది. మా నాయన పండించినవి, మేం రొట్టె చేసుకుంటాం అని చెప్పాను. ఆమె నవ్వి, కాగితంలో పొట్లం కట్టి తీసి పక్కన పెట్టింది. తప్పు చేసినట్టు కాసేపు సిగ్గేసింది, కానీ ఆ తనిఖీ చాలా మంచి పద్ధతి. పొలంలోకి వయ్యారిభామ వచ్చి పడ్డాక ఎంత అవస్థ పడ్డామో మనకు తెలుసు కదా.

ఒడ్డుకి వెళ్లడమంతా రబ్బరు పడవల్లోనే, జోడియాక్ అంటారు, ఒక్కోదానిలో పది మంది. ఎక్కేటప్పుడు వేళ్లు పట్టుకోనివ్వరు, మనం వాళ్ల ముంజేయి, వాళ్లు మన ముంజేయి గట్టిగా పట్టుకోవాలి, అప్పుడే అల ఎత్తినా చెయ్యి జారదు. ముందు గైడులు వెళ్లి తుపాకులతో, సిగ్నల్ పిస్తోళ్లతో గుట్టలన్నీ వెతికి ఎలుగుబంటి లేదని చూసుకున్నాకే మమ్మల్ని దింపేవాళ్లు. అమ్మకు ఈ ముక్క చదవొద్దని తమ్ముడికి చెప్దామనుకున్నాను, కానీ దాచడం ఎందుకు, వాళ్లు మమ్మల్ని కంటికి రెప్పలా చూసుకున్నారు.

రెండోరోజు క్రాస్‌ఫియోర్డ్‌లో ఒక హిమానీనదం ముందుకు తీసుకెళ్లారు. దాని పేరు 'జూలై 14', ఫ్రాన్స్ వాళ్ల జాతీయ దినం పేరు పెట్టారు. అది సముద్రంలోకి దిగేచోట గోడలాగా నిలబడి ఉంటుంది, నీలంగా, మన ఇళ్లకు సున్నంలో నీలిమందు ఎక్కువ కలిపితే వచ్చే రంగు. పడవ ఇంజిన్ ఆపేశారు. ఎవరూ మాట్లాడొద్దన్నారు. అప్పుడు వినపడింది నాయనా, చుట్టూ తేలుతున్న మంచుముక్కల్లోంచి చిటచిట, పటపట, అచ్చం తొలి ఏకాదశికి అమ్మ పెనంలో జొన్నపేలాలు వేయించినట్టు! కళ్లు మూసుకుంటే మన వంటింట్లో ఉన్నట్టే. అది పాత గాలి. వందల ఏళ్ల కింద కురిసిన మంచు పొర మీద పొర పడి అణిగి గట్టిపడ్డప్పుడు మధ్యలో చిక్కుకున్న బుడగలు, నీళ్లలో మంచు కరిగే కొద్దీ ఒక్కొక్కటే పగులుతాయి. మనూళ్లో చెరువు కట్ట కూడా లేనప్పటి గాలి నా ముఖం ముందు బయటికి వస్తోంది. నాకు ఏడుపు వచ్చింది, ఎందుకో నాకే సరిగా తెలియదు. అంతలో గోడలోంచి ఇల్లంత ముక్క విరిగి పడింది. పడడం ముందు కనపడింది, ఉరుము తర్వాత వచ్చింది, ఆ తర్వాత అల వచ్చి మా పడవను నెమ్మదిగా పైకెత్తి దించింది.

అక్కడికి దక్షిణంగా కాంగ్స్‌ఫియోర్డ్‌లో బ్లోమ్‌స్ట్రాండ్ అనే చోట దిగాం, ఇది ప్రత్యేకంగా నీకోసమే రాస్తున్నాను, పాతికేళ్లు నాపరాయి గనిలో పనిచేసినవాడివి కాబట్టి. ఎర్నెస్ట్ మాన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు ఆయన 1910 ప్రాంతంలో ఇక్కడ పాలరాయి చూసి, ఇంత మంచి రాయి ఇంకెక్కడా లేదని నమ్మి, డబ్బులు పోగుచేసి ఇళ్లు, యంత్రాలు, పట్టాలు తెచ్చి గని పెట్టాడు. ఊరికి న్యూ లండన్ అని పేరు కూడా పెట్టుకున్నాడు. తీరా చూస్తే రాయి పనికిరాలేదు. వేల ఏళ్లుగా మంచు లోపల గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి రాయంతా కంటికి కనపడని బీటలు. చలిలో గట్టిగా పట్టుకుని ఉండి, వెచ్చని చోటికి చేరేసరికి ముక్కలైపోయింది. ఆ యంత్రాలు తుప్పు పట్టి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. నేను ఒక రాయి పక్కన కూర్చుని వేలితో తట్టి చూశాను, నువ్వు బండను సుత్తితో తట్టి చప్పుడు విని లోపల బీట ఉందో లేదో చెప్పేవాడివి కదా. నువ్వు ఉంటే మొదటిరోజే చెప్పి ఉండేవాడివి ఆయనకు.

ఇంకో సంగతి. ఈ చోటి పూర్తి పేరు బ్లోమ్‌స్ట్రాండ్‌హాల్వోయా. నార్వే భాషలో హాల్వోయా అంటే ద్వీపకల్పం, మూడువైపులా నీళ్లు, ఒకవైపు నేల. మాన్స్‌ఫీల్డ్ కాలంలో అందరూ అలాగే అనుకున్నారు, మ్యాపుల్లో అలాగే రాశారు. కానీ ఆ ఒకవైపు ఉన్నది నేల కాదు, మంచు. అది వెనక్కి పోయి పోయి 1990ల్లో పూర్తిగా విడిపోయాక చూస్తే మధ్యలో సముద్రం, ఇది దీవి! పేరు మాత్రం ఇంకా పాతదే. గైడు పాత ఫోటో పట్టుకుని మంచు ఒకప్పుడు ఎక్కడిదాకా ఉండేదో చెయ్యి చాపి చూపించింది, అక్కడ మా ఓడ లంగరు వేసి ఉంది. వాతావరణం మారుతోందని ఆఫీసులో, టీవీలో వందసార్లు విన్నాను నాయనా, కానీ ఆ చెయ్యి చాపిన వైపు చూసినప్పుడు మాత్రం కడుపులో ఏదో జారినట్టయింది.

ఎదురుగా న్యూ ఆలెసుండ్. ఒకప్పుడు బొగ్గు గనుల ఊరు, 1962లో పేలుడు జరిగి 21 మంది చనిపోయాక మరుసటి ఏడాది గనులు మూసేశారు. ఇప్పుడు పది దేశాల శాస్త్రవేత్తలుంటారు. ఊరికి 20 కిలోమీటర్ల దూరం నుంచే ఫోన్లలో వైఫై, బ్లూటూత్ అన్నీ ఆపేయమంటారు, ఎందుకంటే ఆకాశంలోంచి వచ్చే అతి సన్నని సంకేతాలను వినే పరికరాలున్నాయి అక్కడ. 1926లో నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ వాళ్లు ధ్రువం మీదుగా వెళ్లిన 'నోర్గే' గాలిఓడను కట్టిన ఇనప స్తంభం ఊరి చివర అలాగే ఉంది, అందరూ అటు నడిచారు. నేను ఇటు నడిచాను, మన 'హిమాద్రి' వైపు. భారతదేశం 2008 జూలైలో పెట్టిన కేంద్రం. మామూలు చెక్క ఇల్లు, తలుపు పక్కన పేరు. ఇక్కడి మంచుకూ మన రుతుపవనాలకూ లంకె ఏమిటో మనవాళ్లు చూస్తున్నారు, ఈ ఫియోర్డు నీళ్లలో 2014 నుంచి పరికరం దించి వేడీ, ఉప్పూ కొలుస్తున్నారు. జూన్ అంతా నువ్వు మబ్బు వైపు చూస్తూ గట్టు మీద కూర్చుంటావు, ఇక్కడ ఎవరో నీళ్లలో తాడు దించి అదే వానకోసం చూస్తున్నారు. ఆ తలుపు ముందు ఫోటో దిగాను, అమ్మకు పంపాను వాట్సాప్‌లో.

మాగ్డలేన్‌ఫియోర్డ్‌లో సమాధులు చూశాం, వందకు పైగా ఉన్నాయి, పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో తిమింగలాల వేటకు వచ్చి చనిపోయిన వాళ్లవి. యూరప్‌లో దీపాలకు నూనె కావాలని ఇక్కడి తిమింగలాలను దాదాపు లేకుండా చేశారు. నేల పైపొర ఏటా కరిగి మళ్ళీ గడ్డకడుతుంది కాబట్టి శవపేటికలు ఏటేటా కొంచెం కొంచెం పైకి వచ్చేస్తాయట. అక్కడ ఎక్కువసేపు ఉండలేకపోయాను.

80 డిగ్రీలు దాటిన రోజు ఓడ హారన్ కొట్టారు. ఆ తర్వాత హిన్లోపెన్ జలసంధిలో ఆల్కెఫెల్లెట్ అనే కొండ. కొండ అనకూడదు, సముద్రంలోంచి నిటారుగా లేచిన నల్లరాతి గోడ, రాయి కనపడకుండా పక్షులు. గిల్లెమాట్ అంటారు, నలుపూ తెలుపూ, పొట్టి రెక్కలు. దాదాపు అరవై వేల జంటలట. చప్పుడు ఎంతంటే పక్కన కూర్చున్న మనిషి చెవిలో అరవాలి. గూడు కట్టవు, చెయ్యంత వెడల్పు లేని రాతి అంచు మీద ఒకే ఒక్క గుడ్డు, అది ఒకవైపు మొన తేలి ఉంటుంది. పిల్లకు మూడు వారాలు నిండేసరికి ఇంకా ఎగరడం రాదు, అప్పుడే అంత ఎత్తు నుంచి దూకేస్తుంది. మేం వెళ్లింది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఒక పిల్ల అంచు దాకా వచ్చి, వెనక్కి పోయి, మళ్ళీ వచ్చి, కీచుమంటూ దూకింది, రెక్కలనే ఆ చిన్న మొలకలు కొట్టుకుంటూ నీళ్లలో పడింది. దాని వెనకే పెద్దది ఒకటి దిగి పక్కనే వాలింది. గైడు చెప్పింది, అది తల్లి కాదు, తండ్రి. ఇక్కడి నుంచి వారాల తరబడి సముద్రంలో దాని పక్కనే ఈదుతూ తిండి పెట్టి పెంచేది తండ్రే. ఈ మాట నీకు చెప్పాలనే ఉత్తరం మొదలుపెట్టాను, రాసుకుంటూ పోతే ఇంత పొడవైంది.

ఎలుగుబంటిని చూశాం, దూరంగా. పసుపు పచ్చగా మాసిన తెలుపు, రాళ్ల మధ్య పడుకుని ఉంది, టెలిస్కోపులో తల ఎత్తడం, మళ్ళీ పెట్టడం కనపడింది. 2025 జనవరి నుంచి నార్వే కొత్త నిబంధన పెట్టింది, జూలై నుంచి ఫిబ్రవరి దాకా 300 మీటర్ల లోపలికి, మార్చి నుంచి జూన్ దాకా 500 మీటర్ల లోపలికి ఎవరూ పోకూడదు. రక్షిత ప్రాంతాల్లో ఓడలో 200 మందికి మించి ఉండకూడదు, ఒడ్డుకు దిగే చోట్లు కూడా 43కి తగ్గించారు. కొంతమంది ఫోటో సరిగా రాలేదని బాధపడ్డారు. నాకు మాత్రం ఆ దూరమే సరైందనిపించింది. దాని ఇంటికి వెళ్లింది మనం, అది లేవకుండా మనం వెళ్లిపోతే అంతకన్నా ఏం కావాలి? మా ఓడ రావడమే దానికి ఎంత బరువో కూడా ఆలోచించాను, ఇంధనం కాల్చుకుంటూ కరిగే మంచును చూడటానికి వెళ్లాను, ఆ మాట నిన్నటి నుంచి మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

ఈ రోజు పొద్దున టాక్సీ మాట్లాడుకుని విమానాశ్రయం పైన కొండ ఎక్కాను. అక్కడ ప్రపంచ విత్తన భాండాగారం ఉంది. లోపలికి మామూలు వాళ్లను పోనివ్వరు, కొండలోంచి పొడుచుకొచ్చిన సిమెంటు గోడ, ఇనప తలుపు, అంతే కనపడుతుంది. లోపల వంద మీటర్లకు పైగా సొరంగం, చివర మైనస్ 18 డిగ్రీల చలిలో దేశదేశాల విత్తనాలు. యుద్ధంతో ఇబ్బంది పడ్డ సిరియా విత్తన బ్యాంకు కోసం 2015లో మొదటిసారి ఇందులోంచి విత్తనాలు బయటికి తీశారు. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు దాచినవి కూడా ఉన్నాయి లోపల, జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, లక్షకు పైగా నమూనాలు. నా సంచిలోని మూడు జొన్న గింజలను ఒడ్డుకు చేరనివ్వని నేల మీద, మన జొన్న ఆ కొండ కడుపులో భద్రంగా ఉంది. తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను, చలికి చెయ్యి అంటుకున్నంత పనయింది. బూడిద, ఎండు వేపాకు వేసి, మూతి మీద పేడమట్టి అలికి నువ్వు అటక మీద పెట్టే కుండ గుర్తొచ్చింది. ఆ కుండ చూపించి మా నాయన కూడా ఇదే పని చేస్తాడు అని టాక్సీ ఆయనకు చెప్పాలనిపించింది, ఫోటో లేదు.

రేపు మధ్యాహ్నం విమానం, రాత్రికి ఓస్లో. కందులు విత్తారా, వాన సరిపోయిందా, మోకాలి నొప్పికి ఇచ్చిన మందు వాడుతున్నావా, తమ్ముడితో రాయించు. ఇంకొకటి అడగాలి. నా చిన్నప్పుడు పడమటి చెలకలో పచ్చజొన్న వేసేవాడివి, తర్వాత కొత్త విత్తనం వచ్చాక మానేశావు. ఆ పాత పచ్చజొన్న విత్తనం ఇంకా ఏ కుండలోనైనా ఉందా? లేకపోతే మీ అన్నదమ్ముల్లో ఎవరి ఇంట్లోనైనా దొరుకుతుందేమో అడుగుతావా?

నీ బిడ్డ