నల్లమల కోతులు, నీ ప్రశ్న

అచ్చంపేట

ప్రియమైన శ్రీనూ,

దసరా సెలవులకు పిల్లలతో శ్రీశైలం పోతూ మా ఇంట్లో ఆగుతామని రాశావు. ఇంట్లో అందరికీ సంతోషంగా ఉంది. కానీ చివర్లో నువ్వడిగిన మాట నన్ను వదలడం లేదు. "అడవి కోతులకు వైరస్ పరీక్షలు చేస్తారట, దొరికితే అన్నిటినీ చంపేస్తారా?" అన్నావు. లేదురా! కొన్ని జబ్బులు మనకంటే ముందు వాటిలో బయటపడతాయి, అందుకే చూస్తారు.

పక్కనున్న కర్ణాటక సంగతే తీసుకో. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు, కొండముచ్చులు వరసగా చచ్చిపోయాయి. చుట్టుపక్కల ఊళ్లలో జనం పెద్ద జ్వరంతో మంచం పట్టారు. పుణె నుంచి వచ్చిన పరిశోధకులు ముందు ఎల్లో ఫీవరేమోనని అనుమానించారు. తీరా చూస్తే అప్పటిదాకా ఎవరికీ తెలియని వైరస్. దాన్ని మనుషులకు ఎక్కించేది పిడుదు. కోతి చచ్చి ఒళ్లు చల్లబడగానే పిడుదులు దిగి ఆ చోటంతా పాకుతాయి, కట్టెలకో పశువుల వెంటో అటు పోయినవాళ్లను పట్టుకుంటాయి. అందుకే ఇప్పటికీ అక్కడ చచ్చిన కోతి కనబడితే శాంపిల్ ల్యాబుకు పోతుంది, ఆ చుట్టూ పిడుదుల మందు చల్లుతారు. ముందు ప్రాణం పోయేది కోతికే, నింద మోసేదీ అదే. నాకు మనసు కలుక్కుమంటుంది.

బతికున్న కోతిని పట్టడం దానికీ హింస, పట్టేవాళ్లకూ ప్రమాదం. అందుకని చాలాచోట్ల మలం ఏరుతారు. ఎయిడ్స్ వైరస్ మూలం కామెరూన్ ఆగ్నేయ అడవుల చింపాంజీల్లో ఉందని 2006లో తేలింది అట్లా ఏరిన మలంతోనే. నేపాల్, ఉగాండాలో తీపి పూసిన తాడు ముక్కలు వేశారు. కోతులు నమిలి పారేస్తే ఆ ఉమ్మిని పరీక్షించారు. ఎంత ఓపికో చూడు! పైగా వైరస్ దొరికినంత మాత్రాన అది మనకు అంటుతుందని కాదు, అక్కడి మనుషుల రక్తం కూడా చూస్తే గానీ తెలియదు.

ఇక మన దగ్గర, శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక కార్లు ఆపి అరటిపళ్లు, బిస్కెట్లు విసిరేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చేతి తిండికి అలవాటుపడితే కోతులు మీదికొచ్చి కరుస్తాయి. మన క్షయలాంటి జబ్బులు వాటికీ అంటుకుంటాయి. పిల్లల్ని అక్కడ కారు దిగనివ్వకు. ఖర్మగాలి గీరిందంటే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి నేరుగా ఆస్పత్రికి తీసుకుపో, రేబీస్ సూది తప్పదు. పసుపు, సున్నం లాంటివి పెట్టొద్దు.

అడవిలో చచ్చిన కోతిని అందరికంటే ముందు చూసేది తేనెకు, గడ్డలకు తిరిగే చెంచులే. ప్రతి పెంటలోనూ, అంటే వాళ్ల గూడెంలోనూ, ఆ కబురు చెప్పడానికి ఒక ఫోన్ నంబరు, విని వెంటనే కదిలే ఒక మనిషి ఉండాలని నా కోరిక. నువ్వు వచ్చినప్పుడు మాకు తెలిసిన చెంచు పెద్దాయనతో మాట్లాడిస్తా. ఏ గుంపు ఎక్కడ తిరుగుతుందో ఆయన చెబుతుంటే పిల్లలు కదలరు.

బయల్దేరే ముందు ఫోన్ చెయ్యి. అమ్మకు నా నమస్కారాలు.

నీ
వెంకటయ్య