ఫిర్యాదుల పుస్తకంలో ముందే ఉంది: భద్రతపై కార్యవర్గం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ప్రతి ఏటా ఈ నివేదిక లిఫ్టు మరమ్మతులతో మొదలై, నీళ్ల ట్యాంకులు కడిగించడంతో ముగిసేది. ఈసారి ఆ పనుల గురించి చివర్లో క్లుప్తంగా చెప్తాను. ఈ ఏడాది కార్యవర్గం సమయం దాదాపు అంతా ఒకే విషయానికి వెళ్లింది. రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి వచ్చిన మన నివాసి ఒకరిపై, మన సెల్లార్ పార్కింగ్‌లోనే, బయటి మనిషి దాడి చేశాడు. ఆమె పేరు గానీ, ఏ బ్లాకు అన్నది గానీ ఇక్కడ రాయడం లేదు. తెలిసినవారు కూడా ఈ సమావేశంలో ఎత్తవద్దని వేడుకుంటున్నాను. గాయాలు మానాయి. సెల్లార్‌లోకి ఒంటరిగా దిగడం మాత్రం ఇప్పటికీ తన వల్ల కావడం లేదని ఆమె చెప్పారు. కేసు దర్యాప్తులో ఉంది కాబట్టి దాని గురించి ఇంతకంటే రాయను.

మర్నాడు ఉదయం గేటు దగ్గర చేరిన మా అందరి నోటా వచ్చిన మాట ఒకటే: "ఇలా జరుగుతుందని ఎవరనుకున్నారు?" ఆ మాట నేనూ అన్నాను. సాయంత్రం ఆఫీసు గదిలో కూర్చుని ఫిర్యాదుల పుస్తకం తీశాను. వెనక ర్యాంపు దగ్గర లైట్లు వెలగడం లేదని ముగ్గురు సభ్యులు వేర్వేరు రోజుల్లో రాశారు. వెనక గేటుకు గడియ పడటం లేదని ఒకరు రాశారు. ఎవరో తెలియని మనిషి చీకటి పడ్డాక ర్యాంపు దగ్గర నిలబడుతున్నాడని, అటు వెళ్లాలంటే భయంగా ఉందని మరొకరు రాశారు. ఒక్కో ఫిర్యాదు పక్కన "చూశాం" అని ఉంది. దాని కింద నా సంతకం ఉంది.

ఎవరనుకున్నారు అన్న ప్రశ్నకు జవాబు ఆ పుస్తకంలోనే దొరికింది. ఐదుగురు అనుకున్నారు, అనుకుని రాసి మాకు ఇచ్చారు. కార్యదర్శిగా ఆ తప్పు నాది. కార్యవర్గం తరఫున ఆ కుటుంబాన్ని కలిసి క్షమాపణ అడిగాం. "కేసు పడితే మీరు తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది కదా" అని కొందరు పెద్దలు అప్పుడు మందలించారు. వారి ఆందోళన నాకు అర్థమైంది. అయినా ఆ ఇంటికి వెళ్లి, ఆమె తల్లిగారి ఎదుట కూర్చుని ఇంకో మాట మాట్లాడటం నాకు సాధ్యం కాలేదు.

ఆ తర్వాత లాయరు గారి సలహా తీసుకున్నాం. ఆయన వివరించింది మీ అందరికీ తెలియాలి. నేరం చేసినవాడికి శిక్ష వేరే సంగతి, అది క్రిమినల్ కేసులో తేలుతుంది. అయితే ఒక స్థలం ఎవరి అదుపులో ఉందో, అది ఇంటి యజమాని కావచ్చు, హోటల్ కావచ్చు, మనలాంటి సంఘం కావచ్చు, వాళ్లపై బాధితులు నష్టపరిహారం కోసం విడిగా దావా వేయవచ్చు. అప్పుడు కోర్టు ముందుగా చూసేది ఆ ప్రమాదాన్ని ముందే ఊహించగలిగేవారా అన్నది. ఊహించగలిగితే, మామూలు జాగ్రత్త ఉన్న మనిషి చేసే ఏర్పాటైనా చేశారా అని అడుగుతుంది. ఆ లోపం వల్లనే దాడికి వీలు చిక్కిందా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. లోపం ఉన్నంత మాత్రాన సరిపోదు. ముందు గేటు దగ్గర జరిగిన దానికి వెనక గేటు గడియను కారణంగా చూపలేరు.

ఇలాంటి తీర్పులు ఎక్కువగా అమెరికా కోర్టుల నుంచి వచ్చాయి. వాటిలో మొదట చెప్పుకునేది 1970లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు ఇచ్చినది. అది 585 ఫ్లాట్ల భవనం. 1959లో ఒక మహిళ అద్దెకు దిగినప్పుడు తలుపు దగ్గర ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉండేవాడు. 1966 నాటికి ఆ కాపలా తగ్గిపోయింది. నేరాలేమో పెరుగుతున్నాయి. ఆ ఏడాది ఆమెపై ఉమ్మడి నడవాలో దాడి జరిగింది. అంతకు రెండు నెలల ముందు అదే నడవాలో ఇంకో మహిళపై కూడా దాడి జరిగి ఉంది. యజమాని అద్దెదారుల క్షేమానికి బీమా కంపెనీ కాకపోవచ్చు, అలాగని చూస్తూ నిలబడే మనిషి కూడా కాదని కోర్టు చెప్పింది. దానికి కారణం చాలా తేలికగా అర్థమవుతుంది. అద్దెకున్నవారు తమ గదికి తాళం వేసుకోగలరు గానీ, అందరూ నడిచే దారికి తాళం గానీ లైటు గానీ వాళ్లంతట వాళ్లు పెట్టలేరు. ఆ అధికారం ఉన్నది యజమాని చేతిలోనే.

రెండో తీర్పు గురించి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది మనలాంటి సంఘం కథే. లాస్ ఏంజెలెస్‌లోని విలేజ్ గ్రీన్ అనే సముదాయంలో ఒక మహిళకు సొంత ఫ్లాట్ ఉంది. 1980లో అక్కడ నేరాలు పెరిగాయి, ఆమె ఇంట్లోనూ దొంగలు పడ్డారు. లైట్లు పెంచమని ఆమె సంఘాన్ని అడిగారు. ఎంతకీ పెట్టకపోయేసరికి తన ఇంటి బయట తానే లైట్లు పెట్టించుకున్నారు. అది నిబంధనలకు విరుద్ధమని, తీసేయాలని బోర్డు పట్టుబట్టింది. సంఘం వేరే ఏర్పాటు చేసేదాకా ఉండనివ్వమని ఆమె అడిగినా ఒప్పుకోలేదు. పాత లైట్లు, కొత్త లైట్లు ఒకే సర్క్యూట్ మీద ఉండటంతో, ఆ ఆదేశం పాటించాలంటే రెండూ ఆపేయాల్సి వచ్చింది. ఇంటి బయట కటిక చీకటి. ఆ రాత్రే ఒకడు లోపలికి చొరబడి ఆమెపై అత్యాచారానికి ఒడిగట్టి, దోచుకుని పోయాడు. 1986లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ఉమ్మడి స్థలాల విషయంలో ఇలాంటి సంఘానికి కూడా ఇంటి యజమానికి ఉన్నంత బాధ్యత ఉంటుందని, బోర్డు సభ్యులు వ్యక్తిగతంగా కూడా జవాబు చెప్పుకోవాల్సి రావచ్చని చెప్పి ఆమె దావాను ముందుకు సాగనిచ్చింది.

"మనం జీతం తీసుకోకుండా సేవ చేస్తున్నాం, మనల్ని ఎవరు అడుగుతారు" అని మా సమావేశాల్లో తరచూ వినిపించేది. ఈ తీర్పు గురించి విన్నాక ఆ మాట మళ్లీ ఎవరూ అనలేదు.

కోర్టులన్నీ ఒకేలా ఆలోచించవు, అది కూడా చెప్పాలి. ఆస్ట్రేలియాలో ఒక షాపింగ్ సెంటర్ కారు పార్కింగ్‌లో రాత్రి పదింటికి లైట్లు ఆపేసేవారు. 1993లో అక్కడి దుకాణంలో పనిచేసే ఒకతను పదిన్నర ప్రాంతంలో బయటికి వస్తుంటే ముగ్గురు మీదపడి కొట్టారు. యజమాని అదుపులో లేని నేరస్తుల చేష్టకు యజమానిది బాధ్యత కాదని 2000లో ఆ దేశ హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత న్యాయస్థానం, తీర్పు ఇచ్చింది. ఇంకోటి, 1993లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టుదే. సెక్యూరిటీ గార్డులను పెట్టలేదన్న ఫిర్యాదుపై ఒక షాపింగ్ సెంటర్ గెలిచింది. గార్డులను పెట్టడం పెద్ద భారం కాబట్టి, సాధారణంగా అలాంటి నేరాలు అక్కడ ముందే జరిగి ఉంటే తప్ప ఆ భారం మోపకూడదని కోర్టు అంది. అదే సూత్రాన్ని రెండో వైపు నుంచి చూడండి. భారం చిన్నదైన కొద్దీ సాకు కూడా చిన్నదవుతుంది. మన విషయంలో కావాల్సింది కొన్ని లైట్లు, ఒక గడియ.

మన కేసు ఏ కోర్టులో ఎలా తేలుతుందో నేను చెప్పలేను. ఈ నివేదికలో చెప్పగలిగింది మేం ఏం చేశామన్నదే.

అన్నిటికంటే ముందు రాత్రి పూట ప్రాంగణమంతా నడిచాం. కార్యవర్గంలో ఉన్నది అంతా మగవాళ్లమే కాబట్టి, పొద్దుపోయాక ఇంటికి చేరే మహిళలను మాతో రమ్మని అడిగాం. వాళ్లతో కలిసి నడిచిన గంటన్నరలో తెలిసింది, ఇన్నేళ్ల మా తనిఖీల్లో తెలియలేదు. సెల్లార్‌లో లిఫ్టు ముందు ఫోన్ సిగ్నల్ అందదు, అంటే సరిగ్గా అవసరమైన చోట ఎవరికీ ఫోన్ చేయలేరు. జనరేటర్ వెనక స్తంభం చాటున మనిషి నిలబడితే కారు దిగేవాళ్లకు కనబడడు. టెర్రస్ తలుపు గడియ వేసినట్టే ఉంటుంది, గట్టిగా నెడితే తెరుచుకుంటుంది. 1974లో న్యూయార్క్ దగ్గర ఒక మోటెల్లో పేరున్న గాయనిపై దాడి జరిగినప్పుడు, ఆమె గది అద్దాల తలుపు తాళం వేసినట్టు కనిపించినా బయటి నుంచి తెరుచుకునేదని తేలింది. జ్యూరీ పాతిక లక్షల డాలర్ల పరిహారం ప్రకటించింది. మా లాయరు గారు ఆ సంగతి చెప్పిన రోజే టెర్రస్ గడియ మార్పించాం.

ఇప్పుడు ర్యాంపు, సెల్లార్, మెట్ల దారి మొత్తం చీకటి పడగానే వాటంతటవే వెలిగే లైట్లు ఉన్నాయి. స్విచ్ వేయడం ఎవరో మర్చిపోయే అవకాశం లేదు. విడి బల్బులు స్టోర్‌లో ఉంచాం. లిఫ్టు ముందు గోడకు అలారం బటన్ బిగించాం, నొక్కితే గేటు గదిలో మోగుతుంది. స్తంభం చాటుకు గుండ్రటి అద్దం పెట్టాం.

కెమెరాల సంగతి చెప్పడానికి బాధగా ఉంది. ఆ రాత్రి ఫుటేజీ లేదు. హార్డ్ డిస్క్ ఎప్పటి నుంచో రికార్డు చేయడం ఆపేసింది, తెరమీద బొమ్మ కనిపిస్తోంది కదా అని ఎవరూ చూసుకోలేదు. ఇకపై ప్రతి సోమవారం కోశాధికారి గారు ముందురోజు రికార్డింగ్ తెరిచి చూసి సంతకం చేస్తారు. గేటు మీద ఉన్న "24 గంటల సెక్యూరిటీ" బోర్డు కూడా తీయించాం. రాత్రి రెండు గేట్లకు ఒక్క గార్డు ఉన్నప్పుడు ఆ మాట నిజం కాదు. దాన్ని నమ్మి ఇక్కడ ఇల్లు తీసుకున్నవారు ఉన్నారు. లేని రక్షణ ఉందని చెప్పడం కోర్టులోనూ మనకు ఎదురు తిరుగుతుందని లాయరు గారు చెప్పారు. రెండో గార్డు వచ్చాక ఆ బోర్డు మళ్లీ పెట్టాలా వద్దా అన్నది సభ్యులే తేల్చాలి.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న గార్డును వెంటనే తీసేయమని చాలామంది అడిగారు. తీయలేదు. ఎందుకో చెప్తాను. పగలు రావాల్సిన మనిషి రాకపోవడంతో అతను ఆపకుండా రెండో షిఫ్టు చేస్తున్నాడు. ర్యాంపు దగ్గర చీకటిగా ఉందని అతనే రెండుసార్లు మనకు చెప్పాడు. ఎంత సేపటికోసారి తిరిగి చూడాలో, అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో మనం ఏనాడూ కాగితం మీద రాసివ్వలేదు. ఏజెన్సీకి అప్పగించాం కదా అనుకున్నాం. పని అప్పగించవచ్చు గానీ బాధ్యతను అలా వదిలించుకోలేం. ఇప్పుడు ఒప్పందంలో వరుస షిఫ్టులు వద్దని రాయించాం, డ్యూటీ సూచనలు తెలుగులో రాసి గేటు గదిలో పెట్టాం. ఇంటి పనికి వచ్చేవాళ్లను, సామాన్లు తెచ్చేవాళ్లను అవమానించేలా నిలదీయవద్దని కూడా అందులో ఉంది. వాళ్ల భద్రత కూడా మన బాధ్యతే.

ఇద్దరు సభ్యులు ఒక సూచన చేశారు. ఫిర్యాదుల పుస్తకం ఉంటే కదా "మీకు ముందే తెలుసు" అని రుజువు దొరికేది, కాబట్టి ఇకపై ఫిర్యాదులు నోటిమాటగా తీసుకుందాం అని. దీనికి కార్యవర్గం ఏకగ్రీవంగా వద్దంది. మన వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ కూడా తెలిసినట్టే లెక్క. రికార్డు మాయం చేస్తే కోర్టు దృష్టిలో అది అసలు తప్పుకంటే చెడ్డగా కనిపిస్తుంది. పైగా పుస్తకం తీసేసినంత మాత్రాన ర్యాంపు దగ్గరికి వెలుతురు రాదు. దానికి బదులు పుస్తకంలో "చూశాం" అనే మాటను రద్దు చేశాం. ఇప్పుడు ప్రతి ఫిర్యాదు ఎదురుగా ఎవరు చేస్తారు, ఏ తేదీలోగా చేస్తారు, పని పూర్తయిందని ఆ ఫిర్యాదు రాసిన సభ్యులే ఒప్పుకున్నారా అన్నవి ఉండాలి. భద్రతకు సంబంధించినదైతే రెండు రోజులు దాటకూడదు.

ఇంకో మాట కూడా వినిపించింది, ఆ అర్ధరాత్రి ఆమె ఒంటరిగా ఎందుకు రావాలి అని. ఆమె పనిచేసి తన ఇంటికి వచ్చారు. ఆ ప్రశ్న మన సంఘం మినిట్స్‌లోకి రానివ్వను.

బీమా విషయంలో ఒక హెచ్చరిక. మన పాలసీ ఉంది కదా అని ధీమాగా ఉన్నాం. తీసి చదివితే, దాడుల వల్ల కలిగే నష్టానికి వర్తించదని మినహాయింపుల్లో ఉంది. ఇలాంటి మినహాయింపు చాలా పాలసీల్లో ఉంటుందట. అది లేని పాలసీ కోసం చూస్తున్నాం. సొంత ఇల్లు లేదా దుకాణం అద్దెకిచ్చిన సభ్యులు మీ పాలసీలు కూడా ఒకసారి తీసి చదవండి.

మిగతా పనులు: రెండు లిఫ్టుల తాళ్లు మార్చాం, ట్యాంకులు రెండుసార్లు కడిగించాం, లెక్కలు ఆడిట్ అయ్యాయి, ప్రతులు ఆఫీసులో ఉన్నాయి. పిల్లల ఆటస్థలం మరమ్మతు ఈ ఏడాది కాలేదు, ఆ నిధిని లైట్లకు వాడాం. దీనికి ఆమోదం కోరుతున్నాం.

ఈరోజు మీరు ఓటు వేయాల్సినవి రెండు. రాత్రికి రెండో గార్డును పెట్టడానికి మెయింటెనెన్స్ పెంపు మొదటిది. రెండోది వెనక గేటు. పదింటి తర్వాత బయటి నుంచి కార్డు ఉంటేనే తెరుచుకోవాలని, అగ్నిప్రమాదం లాంటిది జరిగితే లోపలి నుంచి తాళంతో పని లేకుండా ఎవరైనా తెరవగలగాలని మా ప్రతిపాదన. గేటు మూసేస్తే బస్సు స్టాపుకు చుట్టూ తిరిగి వెళ్లాలని బి బ్లాకు వారు రాసిన అభ్యంతరం కూడా మీ ముందు ఉంది, చదివి నిర్ణయించండి.

ఫిర్యాదుల పుస్తకం ఈ గదిలోనే, తలుపు పక్కన బల్ల మీద ఉంది. నిన్నటి వరకు రాసినవాటిలో పూర్తి కానివి రెండు, సి బ్లాకు మెట్ల దగ్గర లైటు, ప్రహరీ గోడ మూల. రెండింటికీ గడువు ఈ శనివారం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి